ఒక దిక్కు వదిలి నరికిన చెరుకు

ఈమధ్య మా ఇంటికి ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి వచ్చారు. కాలేజీ తరఫున ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేయాలట. వన్యప్రాణుల సంరక్షణలో పనిచేయాలని ఉంది, మొదటి అడుగు ఎక్కడ వేయాలో చెప్పండి అన్నారు. నేను టీ తాగుతూ చాలాసేపు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాను. నాకు వినబడలేదేమో అనుకుని మళ్ళీ గట్టిగా అడిగారు. వినబడకేం, వినబడింది. మొదటి అడుగు అనగానే నరికిన చెరుకు మోడులు అరికాళ్ళకు గుచ్చుకున్నట్టయింది. మనసు అటు పోయింది.

నేను ఉద్యోగంలో ఎక్కిన మెట్ల గురించి ఇక్కడ రాయబోవడం లేదు. అవి ఎవరు ఎక్కినా ఒక్కలాగే ఉంటాయి. నాకు పని నేర్పిన ఒక్క సీజను గురించి రాస్తాను. నేను ఆ తర్వాత చాలా ఏళ్ళు అడవిశాఖలో పనిచేశాను గానీ, ఆ చదువు అడవిలో దొరకలేదు. బోధన్ దగ్గర చెరుకు తోటలో దొరికింది.

పెంటికల చదువు

అరవైల చివరి రోజులు. డిగ్రీ పాసై నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చున్నాను. మా బాపు, అంటే నాన్న, పోయాక ఇల్లు అవ్వ వేళ్ళ మీద నడుస్తోంది. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమె బీడీలు చేసేది. పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుంటే చీకటి పడేదాకా ఆ వేళ్ళు ఆగేవి కావు. నిద్రలో కూడా చూపుడు వేలు, బొటన వేలు కలిసి ఆకు చుడుతున్నట్టు కదిలేవి. అవి చూసినప్పుడల్లా నాకు నౌకరీ కావాలని కడుపులో నుంచి అనిపించేది.

ఆ రోజుల్లో జంతువులను కాపాడే పని అంటూ వేరే కుర్చీ, బల్ల ఎక్కడా లేవు. నాకు దొరికింది ఎలుకల పథకం. కాలువ నీళ్ళతో చెరుకు పెరిగింది, చెరుకుతో పాటు ఎలుకలూ పందికొక్కులూ పెరిగాయి. వాటిని ఎలా తగ్గించాలో చూడడానికి బోధన్‌లో ఒక చిన్న ఆఫీసు పెట్టి, ఇద్దరు ట్రైనీలను తీసుకున్నారు. ఒకడు వేణు, ఇంకొకణ్ణి నేను. సీజను అయిపోయాక ఇద్దరిలో ఒకరికే పర్మనెంటు ఉద్యోగమని మొదటి రోజే చెప్పారు.

వేణు పని విషం కలిపిన గింజలు బొరియల్లో పెట్టడం. నా పని ఎలుకలను తినేవాటిని చూడడం. చూడడమంటే అవి కనబడవు కదా, వాటి పెంటికలు చూడడం. నక్క, అడవిపిల్లి, ముంగిస గట్ల మీద వదిలిన పెంటికలు ఏరి, ఎండబెట్టి, విప్పి, లోపల ఏ ఎముకలున్నాయో ఏ వెంట్రుకలున్నాయో రాసుకోవాలి. అవ్వకు ఈ సంగతి తెలిసిన రోజు చాట పక్కకు పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గింత సదువు సదివింది నక్క పెంటికలు ఏరుడానికా బిడ్డా?" అంది.

"అవ్వా, నెల నెల పైసలిస్తరే."

"ఇయ్యకుంటే ఇంక ఎవలేరుతరు తీ," అని మళ్ళీ చాట ఒళ్ళోకి లాక్కుంది.

కానీ ఆ పొద్దులు ఇప్పటికీ నాకు కలలోకి వస్తాయి. కోటగిరి వైపు కాలువ గట్టు మీద సైకిల్ తోసుకుంటూ నడిచేవాణ్ణి. మంచు ఎంత దట్టంగా పట్టేదంటే చెరుకు ఆకుల చప్పుడే తప్ప చెరుకు కనబడేది కాదు. దూరం నుంచి బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత వినబడేది. వెనకే బెల్లం మాడినట్టు ఒక తీపి వాసన పొలాల మీదుగా మెల్లగా వచ్చేది. చెరుకు బండ్ల ఎడ్ల మెడలో గంటలు ఎక్కడో మోగుతుండేవి, బండ్లు మాత్రం అగుపించేవి కావు. ఒక్కోసారి నేను నడుస్తున్నానో, నిలబడి ఉంటే గట్టే కదులుతోందో తెలిసేది కాదు. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళకు నిజం చెప్పాలంటే, పనిలో ముప్పాతిక వంతు ఇదే. ఏమీ జరగదు. ఆ ఏమీ జరగకపోవడం నచ్చకపోతే ఈ దారి పట్టవద్దు.

ఖాదర్ సాబ్ మాట

మా ఆఫీసరు ఖాదర్ సాబ్. పాత హైదరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడేవాడు, ఇస్త్రీ చెదరని షేర్వాణీతో బురదలోకి దిగేవాడు. విషం గింజలు ఆయనకు ఇష్టం లేదు. విషం తిన్న ఎలుకను తిని ఒక గుడ్లగూబ కాలువ గట్టు మీద పడిపోతే చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"బేటా, ఎలుకను సర్కార్ చంపుతదా? పిల్లి చంపుతది, నక్క చంపుతది. మనం వాటికి అడ్డం రాకుంటే చాలు," అన్నాడు.

మంచి మాట. కానీ ఆయనకు ఒక బలహీనత ఉంది. మంచి పని ఏదైనా జరుగుతుంటే పదిమందికి చెప్పకుండా ఉండలేడు. పై ఆఫీసులో మీటింగు అంటే పెళ్ళికి పోయినంత సంబరంగా పోయేవాడు. నేను ఆయన్ని ఇవాళ్టికీ గురువు అనే అంటాను. అయినా ఈ సంగతి రాయకపోతే రాసినదంతా అబద్ధమవుతుంది.

నడుమ మిగిలిన చెరుకు

నా పెంటికల లెక్కలో ఒక వింత బయటపడింది. నరకడం మొదలయ్యాక, నరుకుడు పూర్తయిన తోటల చుట్టుపక్కల గట్ల మీద పిల్లి, నక్క జాడలు దాదాపు మాయమయ్యేవి. చెరుకు పోతే చాటు పోతుంది కనుక అవి వేరేచోటికి పోతున్నాయనుకున్నాం. ఒక తోటలో ఆఖరి రోజు దాకా కూర్చుని చూశాక అసలు సంగతి తెలిసింది.

చెరుకు నరికేది మరాఠీ ముఠాలు. దసరా దాటాక సరిహద్దు అవతలి ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని, పిల్లాజెల్లాతో వచ్చి తోటల పక్కనే గుడిసెలు వేసుకునేవారు. ముఠా పెద్దను ముకాదం అంటారు. వాళ్ళు జంటలు జంటలుగా విడిపోయి తోటకు నాలుగు దిక్కుల నుంచీ నరుకుతూ లోపలికి వస్తారు. లోపలున్న ప్రాణులు వెనక్కి జరుగుతూ జరుగుతూ నడుమ మిగిలిన చిన్న చెరుకులో ఇరుక్కుంటాయి. ఆఖరి రోజు దాని చుట్టూ కర్రలు, కుక్కలు నిలబడతాయి. లోపలి నుంచి ఏది ఉరికినా ఆ సాయంత్రం కుండలోకే.

ఇది క్రూరత్వమని అప్పుడు నేను అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. సీజనంతా జొన్నరొట్టె, కారం తిన్న మనుషులకు అది పండుగ. ఆ ఒక్క పూట పిల్లల కడుపు నిండుతుంది. మనం కాపాడాలనుకున్నది ఎవరి నోటి దగ్గరిదో ముందు తెలుసుకోవాలి.

కోటగిరి దారిలో లింబాద్రి పటేలు అనే రైతు తోటకు, ఇక నరకవచ్చని ఫ్యాక్టరీ ఇచ్చే నరుకుడు చిట్టీ వచ్చింది. ఆ తోట ఒక చివర రోడ్డు, ఇంకో చివర వాగు, వాగు ఒడ్డున తుమ్మ పొదలు. రోడ్డు వైపు నుంచే మొదలుపెట్టి వాగు దిక్కుకు నరుకుతూ పోతే లోపలివి వాటంతట అవే పొదల్లోకి పోతాయి. ఒక దిక్కు వదిలితే చాలు. ఖాదర్ సాబ్‌కు చెబితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఒక్క తోట అట్ల నరికించు. హుకుం వద్దు, పోలీసు వద్దు. వాళ్ళే ఒప్పుకోవాలె. అయితే పర్మనెంటుకు నీ పేరే రాస్త," అన్నాడు.

లింబాద్రి పటేలు పెద్దగా అడ్డం చెప్పలేదు. పసుపు, వరి, చెరుకు అన్నీ పండించే మనిషి, నవ్వకుండా నవ్వించే రకం. "ఎటు నుంచి నరికినా బోధన్‌కే పోతది గద," అన్నాడు. ఇక మిగిలింది ముకాదం మారుతి.

కాశీబాయి షరతు

మారుతి నా మాట మొత్తం విన్నాడు. నరికే వంకర కత్తిని గడ్డికి తుడుస్తూ తలెత్తాడు.

"సాహెబ్, సీజనంత కారం మెతుకులు. ఆఖరుకు ఒక్కపూట ముక్క. గది గూడ వద్దంటవా?"

మరునాడు మళ్ళీ పోయాను. ఆ మరునాడూ పోయాను. వాళ్ళు వేరే తోట నరుకుతుంటే గట్టున కూర్చునేవాణ్ణి, వాళ్ళు తింటుంటే పక్కన కూర్చునేవాణ్ణి. మాట్లాడడానికి ఏమీ లేక ఒకరోజు పటేలు తోటలో చెరుకు చెత్తలో చూసిన అడవిపిల్లి గురించి చెప్పాను. కళ్ళు కూడా సరిగా తెరవని కూనలు ఎండాకుల మధ్య ముద్దగా పడుకుని ఉన్నాయని, తల్లి నన్ను చూసి పళ్ళు చూపించిందే గానీ లేవలేదని చెప్పాను.

మారుతి భార్య కాశీబాయి రొట్టె కొడుతున్నది ఆగింది.

"పిల్లలున్నయా?" అంది. తర్వాత పెనం వైపు చూస్తూ అంది, "పోయిన సీజన్ల మా చిన్నది తోట పక్కనే పుట్టింది సాహెబ్. అప్పటికే నాలుగు దిక్కుల నరికిండ్రు. గాలికి గుడిసె నిలువలే. నేను లేవలేను, అది ఏడుస్తుండె. జర్ర ఒక్క దిక్కు చాటుంటే బాగుండునని ఎంత మొక్కిననో."

కాశీబాయి రొట్టె తిరగేసింది.

"సరే. ఈ తోటల మేం ముట్టం. కని ఇంకెవ్వడు ముట్టొద్దు. పటేలు గాని, ఊరోళ్ళు గాని, మీ సాబులు గాని. మా పోరగాండ్ల నోటికాడిది తీసి ఇంకోని నోట్ల పెడితే ఊకోను. మాటిస్తవా?"

"ఇస్తున్న అక్కా," అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది.

రోడ్డు వైపు నుంచి నరుకుడు మొదలైంది. చెరుకు గోడ రోజురోజుకూ వాగు వైపు జరిగింది. నరికిన మోడుల మీద తీపి రసం ఊరి, తేనెటీగలు వాలి, నేలంతా సన్నగా పాడుతున్నట్టుండేది. ఆ పాట వింటూ గట్టున కూర్చుంటే నాకు పర్మనెంటు నౌకరీ కూడా వచ్చేసినట్టే అనిపించేది. అవ్వ చాట గోడకు తగిలించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నట్టు పగలే కలలు వచ్చేవి.

పసుపు కోసం

ఆఖరి రోజు మధ్యాహ్నం ఒక జీపు వచ్చి ఆగింది. ఖాదర్ సాబ్ దిగాడు. ఆయన వెనక పై ఆఫీసు పెద్ద సాబ్, ఇంకో స్నేహితుడు దిగారు. వాళ్ళ చేతుల్లో తుపాకులున్నాయి. ఖాదర్ సాబ్ మీటింగులో మా తోట గురించి సంబరంగా చెప్పేశాడు. లోపలివన్నీ ఒకే దిక్కు నుంచి బయటికి వస్తాయన్న ముక్క పెద్ద సాబ్‌కు బాగా నచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసర్లు వేటకు పోవడం తప్పు కాదు, దర్జా. ఆయన వాగు ఒడ్డున, సరిగ్గా మేం వదిలిన దిక్కున కుర్చీ వేయించుకున్నాడు.

"మిగిలింది తొందరగా కొట్టమను," అన్నాడు నాతో.

ఖాదర్ సాబ్ నా కళ్ళలోకి చూడలేకపోయాడు. "పోయి చెప్పు బేటా," అన్నాడు నేల చూస్తూ.

మోడుల మధ్య నుంచి ముఠా దగ్గరికి నడిచాను. ఆ నడక నాకు చాలా పొడుగ్గా గుర్తుంది. ఎండ తెల్లగా ఉంది, తేనెటీగల చప్పుడు తప్ప ఏమీ లేదు, అవతల కాశీబాయి చంకలో చిన్నదాన్ని ఎత్తుకుని నన్నే చూస్తోంది. వెనక నా నౌకరీ, ముందు నేనిచ్చిన మాట.

"పెద్ద సాబ్ నరకమంటున్నడు," అన్నాను. "చెప్పుమన్నడు, చెప్పిన. కని నరకొద్దని నేనంటున్న."

మారుతి తుపాకుల వైపు చూశాడు. "నీ నౌకరీ?" అన్నాడు.

"పోతే పోతది."

ముఠా అంతా కాశీబాయి వైపు చూసింది. ఆమె చిన్నదాన్ని భర్తకు ఇచ్చి, చీర కొంగు నడుముకు దోపి, పెద్ద సాబ్‌కు వినబడేటట్టు గొంతు పెంచింది.

"ఆఖరి చెరుకుకు పూజ చెయ్యకుండ మేం కత్తి పెట్టం సాహెబ్. మా రివాజు. పూజకు పసుపు లేదు."

పూజ రివాజు నిజమే. ప్రతి తోటలో ఆఖరి దుబ్బుకు వాళ్ళు పసుపు, కుంకుమ పెట్టేవారు. పసుపు లేకపోవడం మాత్రం నేను నమ్మను. గట్టు మీద నిలబడ్డ లింబాద్రి పటేలు ముఖంలో ఒక్క గీత కదలలేదు.

"పసుపే గద, ఇప్పుడే ఇంటికి పోయి తెస్త సాబ్," అని చేతులు జోడించి, నిమ్మళంగా చెప్పులు తొడుక్కుని ఊరి వైపు నడిచాడు.

ముఠా కత్తులు కింద పెట్టి కూర్చుంది. పెద్ద సాబ్ వాగు ఒడ్డున కూర్చున్నాడు. కాసేపటికి, లోపలివి బెదిరి బయటికి ఉరకాలని డ్రైవరు జీపు హారను కొట్టాడు. చెరుకు కదలలేదు. కొట్టేవాళ్ళు లేకుండా ఆ గుబురులోకి ఎవరు దిగుతారు? పొద్దు మెల్లగా వాలింది. ఆకుల నీడలు పొడుగై వాగు దాటాయి. పిల్లలు నిద్రపోయారు. ఖాదర్ సాబ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఏదో పాత కల గుర్తుకొచ్చినవాడిలా చెరుకు వైపు చూస్తూ కూర్చున్నాడు. లోపల ఎండాకు ఒకటి చిటపటమంటే అందరం ఒకేసారి ఊపిరి బిగబట్టేవాళ్ళం. అంత నిశ్శబ్దమైన మధ్యాహ్నం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

"ఈ జిల్లాల పసుపు దొరుకుడు ఇంత కష్టమా?" అని పెద్ద సాబ్ రెండుసార్లు అడిగాడు. ఎవరూ నవ్వలేదు.

వెలుతురు తగ్గాక ఆయన లేచాడు. పోతూ పోతూ నన్ను చూసిన చూపులో నా పర్మనెంటు సంగతి తేలిపోయింది. జీపు రోడ్డెక్కిందో లేదో, లింబాద్రి పటేలు గట్టు మీదికి వచ్చాడు. చేతిలో మోదుగాకు పొట్లంలో చిటికెడు పసుపు.

"తాళంచెవి దొరకలే," అన్నాడు. ముందటేడు పండిన పసుపు బస్తాలు అతని ఇంటి వసారాలో అడ్డంగా పడి ఉండేవని ఊరంతటికీ తెలుసు.

మరునాటి పొద్దున

పొద్దున మంచులో పోయేసరికి వాగు వైపు మెత్తటి మట్టి మీద జాడలు ఉన్నాయి. నక్కలవి, చెవులపిల్లులవి, అంటే కుందేళ్ళవి. వాటి పక్కన పిల్లి అడుగులు. తల్లి ఒకే తోవలో పలుమార్లు పోయి వచ్చింది. కూనలను నోట కరుచుకుని ఒక్కొక్కదాన్ని దాటించిందన్నమాట. పూజ చేసి మిగిలిన చెరుకు నరికారు. లోపల ఏమీ లేదు. కాశీబాయి మోపు నెత్తిన పెట్టుకుని బండి వైపు పోతూ, ఆ జాడలు తొక్కకుండా పక్కనుంచి చుట్టు తిరిగి నడిచింది. అది చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఉద్యోగం వేణుకు వచ్చింది. అతను మంచివాడు, పని తెలిసినవాడు. నాకు అతని మీద కోపం లేదు. ఖాదర్ సాబ్ నన్ను పిలిచి చాయ్ తాగించాడు.

"తప్పు నాది బేటా. నేను నోరు మూసుకుంటే పిల్లి దాని తోవన అది పోయేది, నీ నౌకరీ నీకుండేది," అన్నాడు. అంతకంటే పెద్ద పాఠం ఏ ట్రైనింగులోనూ వినలేదు.

అవ్వకు చెప్పాను. చాట ఆపకుండానే విన్నది. "మాటిచ్చి తప్పితే ఇంట్లకు రానియ్యకపోదును," అంది. ఆ సాయంత్రం నేను కూడా పక్కన కూర్చుని ఆకులు కత్తిరించాను.

ఆ పిల్లి వల్ల ఎలుకలు తగ్గాయా అని మీరు అడగవచ్చు. మరుసటి ఏడు లింబాద్రి పటేలు తోటలో బొరియలు తక్కువ ఉన్నాయన్నారు. వానల వల్ల కూడా కావచ్చు. తెలియనిది తెలిసినట్టు రాయను.

అడవిశాఖలో నాకు పని దొరకడానికి ఇంకా కొంతకాలం పట్టింది. ఆ లోపు నరుకుడు సీజను మళ్ళీ వచ్చింది. ఒకరోజు ఉండబట్టలేక తెల్లవారకముందే సైకిలెక్కి కోటగిరి దారి పట్టాను. కాలువ గట్టు మీది నుంచి మంచులో చూశాను. మారుతి ముఠానే. రోడ్డు వైపంతా నరికి ఉంది, వాగు దిక్కు చెరుకు నిలబడి ఉంది. ఈసారి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పక్క తోట కూడా అలాగే నరికి ఉంది.

దగ్గరికి పోయి కాశీబాయిని పలకరించాలనిపించింది. ఖాదర్ సాబ్ దగ్గరికి పరుగెత్తి చెప్పాలనిపించింది. కాసేపు అక్కడే నిలబడి, సైకిల్ వెనక్కి తిప్పుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.